బుర్రల సెంటర్ గ్లోరియా

నెత్తి మీద ఎక్కడ వేలు పెడితే లోపల మెదడులో ఏ భాగం ఉంటుందో గ్లోరియా కళ్లు మూసుకుని చెప్పగలదు. ముక్కు మొదలు నుంచి తల వెనక గుంట దాకా టేపు పెట్టి కొలవడం, చెవి నుంచి చెవికి కొలవడం, రంగు పెన్సిలుతో గుర్తులు పెట్టుకుని, జుట్టు పాయలు తీసి, తెల్లటి జిగురు పేస్టుతో చిన్న చిన్న లోహపు బిళ్లలు అంటించడం ఆమె నేర్చుకున్న పని. ఆ బిళ్లల నుంచి తీగలు మిషనుకు వెళ్తాయి. మిషను మెదడులోని కరెంటును గీతలుగా గీస్తుంది. పద్మారావు నగర్‌లో ఒక నర్సింగ్‌హోంలో మూర్ఛ రోగులకు ఆ పరీక్ష చేస్తూ ఆమె చాలా ఏళ్లు గడిపింది. వాళ్ల నాన్న రేపల్లె వైపు నుంచి క్రైస్తవ మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరుగా సికింద్రాబాదు వచ్చి స్థిరపడ్డ మనిషి. జబ్బు మనిషిని ముట్టుకోవడానికి జంకకూడదని ఆ ఇంట్లో చిన్నప్పుడే నేర్పారు. ఎంత మాసిన తలైనా, పేలు పట్టిన తలైనా గ్లోరియా మొహం చిట్లించుకునేది కాదు. "కాస్త చల్లగా తగులుతుంది, అంతే" అని ప్రతి ఒక్కరికీ ముందే చెప్పేది.

ఊళ్లో ఎవరిని కదిపినా సాఫ్ట్‌వేరు, కాల్‌సెంటరు తప్ప ఇంకో మాట లేని రోజులవి. అలాంటి రోజుల్లో ఆ నర్సింగ్‌హోంకు వరహాలబాబు అనే పెద్దమనిషి గ్లోరియాను వెతుక్కుంటూ వచ్చాడు. అనకాపల్లి దగ్గర పుట్టి, ఇక్కడి ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో ఇంజనీరుగా చేసి, ముందుగానే రిటైర్‌మెంటు తీసుకున్నాడు. ఏ.ఎస్. రావు నగర్‌లో ఒక స్వీట్ షాపు పై అంతస్తు అద్దెకు తీసుకుని, 'బ్రెయిన్ ట్రైనింగ్' అని బోర్డు పెట్టి, విదేశం నుంచి మిషను తెప్పించుకున్నాడు.

"నేను డాక్టర్ని కాదమ్మా" అన్నాడు మొదటి మాటగానే. "మిషన్లు ఎరుగుదును గానీ మనుషుల తలకాయలు ఎరగను. ఈ బిళ్లలు నేనంటిస్తే ఊడొచ్చేస్తన్నాయి. మీరొచ్చి సెంటర్ చూసుకుంటే నాకు కొండంత అండ."

"దేనికి సార్ ఈ మిషను? మూర్ఛకా?"

"మూర్ఛక్కాదు. చదువు మీద మనసు నిలవనోళ్లకి, నిద్ర పట్టనోళ్లకి, ఊరికే దిగులు పడేవోళ్లకి. అద్దం చూసుకుని తల దువ్వుకుంటాం కదా. బుర్రకి అలాగ అద్దమేటీ లేదు. ఇది బుర్రకి అద్దం అనుకోండి."

గ్లోరియా ఒక సాయంత్రం వెళ్లి చూసింది. వాలు కుర్చీ, ఎదురుగా కంప్యూటరు తెర. తెర మీద ఒక నది, నదిలో పడవ. కుర్చీలో కూర్చున్నవాళ్ల తల మీది తీగల ద్వారా మెదడులో పుట్టే తరంగాలను కంప్యూటరు చదువుతుంది. తరంగాలు కావలసిన తీరున ఉంటే పడవ ముందుకు కదులుతుంది, సన్నగా సంగీతం వినిపిస్తుంది. మనసు చెదిరినా, కంగారు పడినా పడవ నిలిచిపోతుంది. చేత్తో తాకేది ఏదీ లేదు. ఎలా నడపాలని అడిగితే వరహాలబాబు దగ్గర కూడా జవాబు లేదు. "బుర్రే నేర్చుకుంటాది. సైకిలు నేర్చుకున్నట్టు" అనేవాడు.

ఆయన మోసగాడు కాడు. ఆ సంగతి గ్లోరియాకు త్వరలోనే తెలిసింది. ఆయన కొడుకు యశ్వంత్ చిన్నప్పుడు ఒక్క చోట కుదురుగా ఉండేవాడు కాదట. చదవడం లేదని ఆయన బెల్టు తీసుకుని కొట్టేవాడట. చివరికి ఎవరో చెబితే బెంగళూరు తీసుకెళ్లి ఈ శిక్షణ ఇప్పించాడు. "ఆడు కంచం ముందు కూర్చుని, లేవకుండా అన్నం పూర్తిగా తిన్న రోజున మా ఆవిడ నూకరత్నం వంటింట్లోకెళ్లి ఏడ్చేసింది. ఆ రోజునే అనుకున్నాను, ఈ మిషను మన ఊళ్లో ఉండాలని." ఈ మాట చెప్పినప్పుడల్లా ఆయన చేతులు చూసుకునేవాడు.

గ్లోరియా నర్సింగ్‌హోం వదిలి సెంటర్లో చేరింది. చుట్టుపక్కల వాళ్లు దానికి 'బుర్రల సెంటర్' అని పేరు పెట్టారు. కోచింగ్ సెంటర్ల నుంచి పిల్లల్ని తల్లిదండ్రులు తెచ్చేవారు. హైటెక్ సిటీకి పొద్దున పోయి పొద్దుపోయి తిరిగొచ్చే సాఫ్ట్‌వేరు పిల్లలు సెలవు రోజున వచ్చేవారు. పూజిత అనే అమ్మాయి మొదటిసారి కుర్చీలో కూర్చున్న కాసేపటికే నిద్రపోయింది. గ్లోరియా లేపలేదు, చున్నీ కాళ్ల మీద కప్పింది. లేచాక ఆ అమ్మాయి గడియారం చూసుకుంది. తర్వాత, "ఇలా పడుకుని ఎన్నాళ్లయిందో గుర్తు లేదు మేడం" అంది. అలాంటివి చూసినప్పుడు గ్లోరియాకు తాను మంచి పనిలో ఉన్నానని గట్టి నమ్మకం కలిగేది. అందరికీ అలా జరగలేదు. కొందరికి తెర మీద పడవ దూసుకుపోయేది గానీ ఇంట్లో బతుకు ఉన్నచోటే ఉండేది. ఎందుకో వరహాలబాబుకూ తెలియదు, గ్లోరియాకూ తెలియదు.

గ్లోరియా భర్త లూకా. ఒక మిషన్ హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టారుగా పనిచేసేవాడు. పొడగరి, మంద్రమైన గొంతు. చర్చిలో పాటలు పాడే క్వయర్‌లో కింది స్వరం, బేస్, పాడేవాళ్లు ఇద్దరే మిగిలితే అందులో ఒకడు. తిరుమలగిరిలో వాళ్ల సొంత ఇంట్లో కింది వాటాలో లూకా, గ్లోరియా, వాళ్ల కూతురు ఆలిస్ ఉండేవారు. పై వాటాలో లూకా అక్క కాంతమణి ఉండేది. పెళ్లి చేసుకోలేదు. తల్లి చిన్నప్పుడే పోతే లూకాను చంకనేసుకుని పెంచింది ఆమే. హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైంది.

కాల్‌సెంటర్లు వచ్చాక లూకా లాంటి వాళ్లకు గిరాకీ పుట్టింది. ఇంగ్లీషు పలకడం నేర్పడానికి ఒక కంపెనీ అతన్ని పిలిచింది. స్కూలు మానేసి చేరాడు. మొదట్లో ఉత్సాహంగానే ఉన్నాడు. వరంగల్ నుంచీ ఒంగోలు నుంచీ వచ్చిన పిల్లలకు నాలుక తిప్పడం నేర్పుతూ, ఇంటికొచ్చి వాళ్ల మాటలు అనుకరించి ఆలిస్‌ను నవ్వించేవాడు. ఏడాది తిరిగాక కంపెనీ అతన్ని వేరే పనికి మార్చింది. రాత్రంతా చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని, ఆ పిల్లలు విదేశీయులతో మాట్లాడే ఫోన్లు వినాలి. ఎవరు తప్పు మాట్లాడారో, ఎవరు గొంతు పెంచారో రాసి పైకి పంపాలి. అతను రాసిన దాన్ని బట్టి కొందరి ఉద్యోగాలు పోయేవి. అంతకుముందు తాను నేర్పిన పిల్లలే.

"తిట్లు తినేది వాళ్లు, వినేది నేను" అనేవాడు. "వాళ్లైనా ఫోను పెట్టేశాక మర్చిపోతారు గ్లోరీ. నాకు ఇంకా వినిపిస్తూనే ఉంటాయి."

పగటి నిద్ర అతనికి పట్టలేదు. కిటికీలకు నల్ల కాగితం అంటించారు. తెల్లారాక పక్క మైదానంలో పట్టాళం వాళ్ల బ్యాండు సాధన మొదలయ్యేది. డప్పు మోత ఆగాక కూడా అతను పైకప్పు చూస్తూ పడుకునేవాడు. కూర వాసన పడటం లేదన్నాడు. క్వయర్ మానేశాడు. ఆలిస్ లెక్కలు అడిగితే పుస్తకం చూస్తూ ఉండిపోయేవాడు, పేజీ తిప్పేవాడు కాదు.

గ్లోరియా ఒకరోజు కాంతమణి దగ్గరికి వెళ్లి కూర్చుంది. "వదినా, ఈయన్ని ఎవరైనా సైకియాట్రిస్టుకి చూపిద్దాం. నాకేదో తేడాగా ఉంది."

కాంతమణి కూరగాయలు తరుగుతూ తలెత్తలేదు. "నిద్ర చాలక మనిషి వాడిపోయాడు. దానికి పిచ్చి డాక్టరెందుకు? నలుగురికీ తెలిస్తే మళ్లీ ఏ స్కూలువాళ్లైనా తీసుకుంటారా వాణ్ణి? నీ సెంటర్‌కి ఎంతమంది రావట్లేదు? నిద్ర కుదిరేది అక్కడేగా. నీ మొగుణ్ణి నువ్వు బాగుచేసుకోలేవా?"

ఆ మాట గ్లోరియాకు నచ్చింది కూడా. సెంటర్‌కు వెళ్లడంలో నామోషీ లేదు. మందులు లేవు, ఆసుపత్రి చీటీ లేదు. లూకా కూడా ఎదురు చెప్పలేదు. ఆ రోజుల్లో అతను దేనికీ ఎదురు చెప్పేవాడు కాదు.

శనివారాలు తీసుకెళ్లడం మొదలుపెట్టింది. భర్త తల కొలవడం ఆమెకు విచిత్రంగా అనిపించింది. చెవుల వెనక నెరిసిన వెంట్రుకలు అప్పుడే మొదటిసారి చూసింది. "చల్లగా తగులుతుంది" అంటే, "నాకు చెప్తావేంటి" అని కాస్త నవ్వాడు.

లూకా కూర్చుంటే పడవ ఆగేది కాదు. అంత త్వరగా నేర్చుకున్నవాణ్ణి చూడలేదన్నాడు వరహాలబాబు. వారం వారం గీతలు మెరుగుపడ్డాయి. ఆయన ఆ గీతలు చూపించి, "చూడమ్మా, ఎంత నెమ్మదించిందో బుర్ర. మీ ఆయన మంచి విద్యార్థి" అనేవాడు. ఇంటి దగ్గర కూడా లూకా ఇంకాస్త ఎక్కువసేపు కళ్లు మూసుకుంటున్నాడు. గ్లోరియా తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది.

ఒక శనివారం స్కూటరు మీద తిరిగి వస్తుంటే సిగ్నలు దగ్గర లూకా అన్నాడు. "ఆ పడవ నేను నడపట్లేదు గ్లోరీ. నేను లేనట్టుగా కూర్చుంటాను. అప్పుడది దానంతటదే పోతుంది."

"అదే కదా కావాల్సింది. ఏ ఆలోచనా లేకుండా ఉండటం."

"అవును. లేకపోతేనే బాగుంటుంది" అన్నాడు. పచ్చ లైటు పడింది. వెనకున్న బస్సు హారన్ కొట్టింది. ఆమె ఇంకేమీ అడగలేదు. సోమవారం వరహాలబాబుకు ఆ మాట సంతోషంగానే చెప్పింది. శిక్షణ బాగా ఒంటబట్టిందని ఇద్దరూ అనుకున్నారు.

ఆ తర్వాతి ఆదివారం లూకా చాలా రోజులకు క్వయర్‌లో నిలబడ్డాడు. గొంతు కాస్త బొంగురుపోయినా పాడాడు. కాంతమణి ఇంట్లో మధ్యాహ్నం చేపల పులుసు రెండోసారి వేయించుకున్నాడు. ఆలిస్ సైకిలు చైను బిగించాడు. ఆ సాయంత్రం కాంతమణి మెట్ల మీద నిలబడి గ్లోరియాతో, "దేవుడు విన్నాడు" అంది.

బుధవారం మధ్యాహ్నం సెంటర్లో గ్లోరియా ఒకావిడ జుట్టుకంటిన పేస్టు తడిబట్టతో తుడుస్తోంది. ఫోను మోగింది. అటువైపు కాంతమణి.  "ఇంటికి రా" అని మాత్రం అంది. మళ్లీ, "త్వరగా వచ్చినా ఏం లేదు, మెల్లగా రా" అంది. ఆ రెండో మాటతో గ్లోరియాకు అర్థమైంది. లూకా తన ప్రాణం తానే తీసుకున్నాడు.

ఆలిస్‌ను స్కూలు నుంచి పక్కింటివాళ్లు నేరుగా తమ ఇంటికి తీసుకెళ్లారు. పోలీసుల పని కాంతమణికి తెలిసిన ఒక రిటైర్డు అధికారి దగ్గరుండి ముగించాడు. ఇంటి నిండా మనుషులు చేరకముందే కాంతమణి గ్లోరియాను లోపలి గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేసింది. ఆమె కళ్లలో చుక్క నీరు లేదు.

"గుండెపోటు. అర్థమైందా? నిద్రలో పోయాడు. సమాధుల తోటలో చర్చివాళ్లు మా అమ్మ పక్కన చోటివ్వాలంటే ఇదే మాట చెప్పాలి. ఆలిస్‌కి కూడా ఇదే. రేపు దానికి ఎవరి మొహంలోకైనా చూసే ధైర్యం ఉండాలంటే ఇదే."

గ్లోరియా తలూపింది. అప్పుడు ఎవరు ఏం చెప్పినా తలూపేది. పాస్టరు గారికి సంగతి తెలుసు. తెలిసీ ఏమీ అడగలేదు. గొయ్యి దగ్గర నిలబడి అందరికీ చేసినట్టే ప్రార్థన చేశాడు, మట్టి వేశాడు. కాల్‌సెంటర్ పిల్లలు కొందరు వచ్చారు. వాళ్లలో ఒకమ్మాయి, "సార్ వల్లే నాకు మాట వచ్చింది ఆంటీ" అని ఏడ్చింది. చర్చివాళ్లు, "ఈ నైట్ డ్యూటీలు గుండెను తినేస్తాయమ్మా" అన్నారు. గ్లోరియా అందరికీ, అవునండీ, అవునండీ అంది.

కొన్నాళ్లకు మళ్లీ సెంటర్‌కు వెళ్లింది. వెళ్లకపోతే ఇంట్లో ఏం చేయాలో తోచలేదు. తలుపు తీసేసరికి వరహాలబాబు కంప్యూటరు ముందు ఉన్నాడు. తెర మీద లూకా గీతలు. ఆమెను చూసి ఆపేయబోయాడు, ఆమె వద్దంది. ఆయనకు మాత్రం కాంతమణి ఫోను చేసిన రోజునే నిజం తెలిసిపోయింది.

"మొదట్నుంచీ చూస్తన్నానమ్మా" అన్నాడు. గడ్డం మాసి ఉంది. "ఎక్కడేటి తప్పిపోయానో అని. ఏటీ కనపడట్లేదు. అంతా బాగున్నట్టే ఉంది. ఆఖరి వారం మరీ బాగుంది." ఆమె వైపు తిరిగి, "కొడుకుని కొట్టినోణ్ణి, ఈ మిషనుతో పాపం కడుక్కుందామనుకున్నాను. ఆ పాపం మీ ఇంటికి తెచ్చాను" అన్నాడు.

గ్లోరియాకు ఆయన్ని ఓదార్చాలనిపించలేదు, తిట్టాలనీ అనిపించలేదు. ఆయన వెతికే తప్పు గీతల్లో లేదని ఆమెకు తెలుసు. సిగ్నలు దగ్గర మొగుడు నోరు తెరిచి చెప్పాడు. దాన్ని ఆమె పడవ గురించిన మాట అనుకుంది. బాగుపడుతున్నాడన్న ఆశ ముందు నిలబడి ఉంటే వెనకున్న మనిషి ఆమెకు కనబడలేదు.

ఆ ఏడాదంతా ఆమె పని మాత్రం చేసింది. కొలిచింది, అంటించింది, తుడిచింది. "చల్లగా తగులుతుంది" అనేది. దానికి మించి ఎవరితో మాట్లాడేది కాదు.

తర్వాతి వేసవిలో పర్వతాలు వచ్చాడు. జనగామ వైపు మనిషి. సాఫ్ట్‌వేరు కంపెనీలకు క్యాబు నడుపుతాడు. రాత్రిళ్లు ఉద్యోగులను ఇళ్ల దగ్గర దించడం, మళ్లీ ఎక్కించుకోవడం. అతని బండిలో వచ్చే ఒక ఇంజనీరు ఈ సెంటర్ గురించి చెప్పి పంపాడు.

"స్టీరింగ్ మీద కన్ను మూతపడ్తది మేడం, మంచం మీద పడ్తలేదు" అన్నాడు. "మస్తు పరేషాన్ ఉంది. జెర నిద్ర వచ్చేటట్టు చేయుండ్రి, చాలు."

నాలుగైదు వారాలు వచ్చాడు. నూనె పెట్టి దువ్వుకొచ్చేవాడు, బిళ్లలు జారిపోయేవి. వచ్చే రోజు తలస్నానం చేసి రమ్మని ఆమె చెబితే, "మా ఇంటిది తిడ్తది మేడం, సబ్బు వొడగొడ్తున్ననని" అని నవ్వేవాడు. తర్వాత నవ్వడం తగ్గింది. ఒకరోజు పొద్దున, ఆమె అతని వెనక నిలబడి చెవి దగ్గర తీగ సర్దుతుండగా, తనలో తాను అనుకుంటున్నట్టు అన్నాడు.

"ఇంట్ల నేను లేకుంటేనే అందరికి ఆరామ్ అనిపిస్తది మేడం."

గ్లోరియా చేతులు ఆగిపోయాయి. తెర మీద పడవ కదులుతూనే ఉంది. ఆమె మిషను కట్టేసింది. ఒక్కొక్క బిళ్లా ఊడదీసి, కుర్చీ ముందుకు స్టూలు లాక్కుని, అతని మొహానికి ఎదురుగా కూర్చుంది. ఎవరినీ ఎప్పుడూ అడగని మాట అడిగింది. మొగుణ్ణి అడగని మాట.

"పర్వతాలూ, చచ్చిపోవాలనిపిస్తోందా?"

అతను కిటికీ వైపు చూశాడు. కింద స్వీట్ షాపులో ఎవరో గట్టిగా బేరమాడుతున్నారు. "ఆ" అన్నాడు. "రోజు అనిపిస్తది. బండి నడిపేటప్పుడు సుత. వెనక పోరగాండ్లు ఉంటరని ఆగుతున్న."

"ఈ కుర్చీ మీకు సరిపోదు. ఆసుపత్రికి పోదాం, ఇప్పుడే. పెద్ద డాక్టరుకు చూపిద్దాం."

"ఎందుకు మేడం? నేనేం పిచ్చోన్నా? మా ఇంటిదానికి తెలిస్తే ఏమనుకుంటది? బస్తీల మొఖమెట్ల చూపియ్యాలె?"

గ్లోరియా స్టూలు ఇంకా దగ్గరికి జరుపుకుంది. ఆ మాటలు తన నోటి నుంచి వస్తాయని ఆమెకే తెలియదు. "మా ఆయన కూడా ఇదే కుర్చీలో కూర్చున్నాడు. మీరన్న మాటే అన్నాడు. నేను వినలేదు. ఆయన గుండెపోటుతో పోలేదు పర్వతాలూ. అందరికీ అలా చెప్పాం. తన ప్రాణం తనే తీసుకున్నాడు. మాకెవరికీ ఆరామ్ లేదు. మా పాపకి లేదు, ఆయనక్కకి లేదు. నాకసలు లేదు."

పర్వతాలు తలొంచుకుని ఏడ్చాడు. ఆమె పక్క గదిలోకి వెళ్లి వరహాలబాబుకు చెప్పింది. ఆయన చెప్పులేసుకుని వచ్చేశాడు. పర్వతాలును బండి నడపనివ్వకుండా ఆటోలో ఇద్దరి మధ్యా కూర్చోబెట్టుకుని పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడ మానసిక రోగుల విభాగం ముందు పొడుగాటి వరస. వరండాలో నేల మీద కూర్చున్నారు. డాక్టరు యువకుడు. చాలాసేపు ఓపిగ్గా మాట్లాడి, అడ్మిట్ చేయాలన్నాడు. మధ్యాహ్నానికి పర్వతాలు భార్య వచ్చింది. వచ్చీ రాగానే గ్లోరియా మీద విరుచుకుపడింది. "నా మొగనికి నిద్రొస్తలేదంటే నీ కాడికి పంపిన. నువ్వు పిచ్చోన్ని జేసి ఈడ పండబెడ్తివా? నీకేం తక్లీఫ్ జేసినమమ్మా మేము?"  గ్లోరియా ఆమె అరుపు ఆగేదాకా నిలబడి, తర్వాత నీళ్ల సీసా చేతికిచ్చింది.

పర్వతాలు బతికాడు. మందులకు నోరెండిపోయేది, ఒళ్లు లావైంది, మధ్యలో మానేసి మళ్లీ పడిపోయాడు, మళ్లీ చేర్పించారు. చివరికి రాత్రి బండి వదిలేసి పగలు స్కూలు వ్యాను నడపడం మొదలుపెట్టాడు. ఒకసారి కూరగాయల మార్కెట్టులో గ్లోరియా ఎదురైతే మొహం తిప్పుకుని పక్క సందులోకి వెళ్లిపోయాడు. ఆమెకు కష్టంగానే అనిపించింది. కానీ అతని నడక చూసింది. ఇంటికి పోయే తొందరలో ఉన్న మనిషి నడక. చాలనుకుంది.

ఆసుపత్రి నుంచి తిరిగొచ్చిన రోజునే గ్లోరియా పై వాటాకు వెళ్లి కాంతమణికి జరిగింది దాచకుండా చెప్పింది.

కాంతమణి మంచం మీద కూర్చుని విన్నది. "ఎవరో క్యాబ్ డ్రైవర్‌కి చెప్పావా? నా తమ్ముడి గుట్టు?"

"చెప్పకపోతే అతను ఇంటికి పోయేవాడు వదినా. మనింట్లో జరిగిందే వాళ్లింట్లో జరిగేది."

"వాళ్లింటి సంగతి నాకెందుకు? నేను ఒక్క మాట మిగుల్చుకున్నాను వాడికి. గౌరవంగా పోయాడన్న మాట. అది కూడా తీసేశావు." గొంతు పెంచలేదు. "డాక్టరు వద్దన్నది నేనే. అది నాకు గుర్తుండదనుకున్నావా? ప్రతి పూటా గుర్తుంటుంది. ఇంక పైకి రాకు."

అంతే. ఒకే కప్పు కింద ఉంటూ ఆ ఇద్దరూ మళ్లీ మాట్లాడుకోలేదు. పండగ పూట వండినవి ఆలిస్ చేత పైకి పంపేది గ్లోరియా. గిన్నె కడిగి, ఖాళీగా పంపకూడదని చారెడు పంచదార వేసి తిరిగి పంపేది కాంతమణి. చర్చిలో ఒకే బెంచీకి చెరో చివర కూర్చునేవారు. కాంతమణి మోకాళ్లు పట్టేసి మెట్లు దిగలేని స్థితి వచ్చాక, గ్లోరియా రోజూ పైకి వెళ్లి ఆమెకు స్నానం చేయించేది. అప్పుడూ మాటల్లేవు. ఆమె చెయ్యి చాపేది, ఈమె పట్టుకునేది.

షేర్ మార్కెట్లు కూలి సాఫ్ట్‌వేరు ఉద్యోగాలు ఊడుతున్న ఏడాది బుర్రల సెంటర్ ఖాళీ అయింది. నిద్ర పట్టనివాళ్లు అప్పుడే ఎక్కువయ్యారు గానీ వచ్చేవాళ్లు లేరు. అప్పటికి వరహాలబాబు పద్ధతి మార్చుకున్నాడు. కొత్తగా ఎవరొచ్చినా ముందు గ్లోరియా దగ్గర కూర్చోవాలి. ఆమె అడగాల్సినవి అడుగుతుంది. కుర్చీ సరిపోదనిపిస్తే ఆసుపత్రికి పంపేస్తుంది. అలా పంపినవాళ్లలో చాలామంది అక్కడికీ పోలేదు, ఇక్కడికీ తిరిగి రాలేదు. వాళ్లేమయ్యారో తెలియదు. ఆ తెలియకపోవడం గ్లోరియాను పట్టి పీడించేది. చివరికి ఆయన మిషను పెట్టెలో పెట్టి, బోర్డు దించి, భార్యతో అనకాపల్లి వెళ్లిపోయాడు. వెళ్లేముందు, "మిమ్మల్ని పిలవకుండా ఉండాల్సింది" అన్నాడు. గ్లోరియా, "మీరు పిలవకపోయినా ఆయనకి నిద్ర పట్టేది కాదు సార్" అంది. ఆమె మళ్లీ నర్సింగ్‌హోంలో పాత పనిలో చేరింది.

ఆలిస్‌కు పద్నాలుగేళ్లు వచ్చాక గ్లోరియా నిజం చెప్పింది. సమాధుల తోట నుంచి నడిచొస్తూ చెప్పింది. ఆలిస్ నడక ఆపకుండా విన్నది. తర్వాత, "నాకు తెలుసు మమ్మీ. స్కూల్లో ఎప్పుడో అన్నారు. నువ్వు చెప్తావేమో అని చూస్తున్నా" అంది. ఇన్నాళ్లూ ఆ పిల్ల ఒక్కతే మోసిందని తెలిసి గ్లోరియా రోడ్డు మీదే కూతుర్ని దగ్గరికి తీసుకుంది.

అప్పటి నుంచీ ఆమెకు కూతుర్ని గమనించడమే పనైంది. అన్నం తక్కువ తింటే భయం. నవ్వితే భయం, ఎందుకు నవ్విందో అని. ఫ్రెండ్స్‌తో మాట్లాడకపోతే ఒక తంటా, ఎక్కువ మాట్లాడితే ఇంకో తంటా. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి, భోజనం చేసి ఆలిస్ పడుకుంది. ఎండ మండిపోతోంది. ఫ్యాను చప్పుడు తప్ప ఇల్లంతా నిశ్శబ్దం. గ్లోరియా గుమ్మంలో నిలబడి కూతురి ఛాతీ కదలడం చూస్తోంది.

"మమ్మీ" అంది ఆలిస్ కళ్లు తెరవకుండానే. "అలా చూడకు. నేను పడుకున్నానంతే."

"ఏమన్నా ఉంటే నాకు చెప్తావుగా?"

"చెప్తా. నువ్వు చెప్తావా మరి?"

గ్లోరియా గుమ్మానికి ఆనుకుంది. ఊళ్లో ఎంతమంది తలలు పట్టుకుని నిద్ర సంగతి అడిగిందో. ఆమెను అడిగినవాళ్లు లేరు.

"నాకు నిద్ర పట్టట్లేదు ఆలిస్" అంది. "డాడీ పోయినప్పటి నుంచీ సరిగా లేదు."

ఆలిస్ కళ్లు తెరిచి తల్లిని చూసింది. "రేపు ఆ ఆసుపత్రికి పోదాం. అందర్నీ పంపావుగా అక్కడికి" అంది. తర్వాత గోడ వైపు జరిగి చోటిచ్చింది. గ్లోరియా వెళ్లి పడుకుంది. నిద్ర రాలేదు గానీ, లేవలేదు.